ఆ రోజు కూరేంటమ్మా

డాక్టరుగారు పోయిన పదకొండో రోజున ఆవిడ చెల్లెలు పెడనలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నాన్న అద్దకం బల్ల దగ్గర పనిలో ఉన్నాడు. సెలవు రోజు కదా అని నేను గుమ్మంలో కూర్చుని డైరీ రాసుకుంటున్నాను. ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా ఒక గుడ్డసంచి నా ముందు పెట్టారు.

"అక్క నీకివ్వమంది అమ్మాయ్. ఇది ఇల్లు దాటితే గానీ నాకు ప్రాణం కుదుటపడదు."

ఎత్తబోతే సంచి నా చేతిని కిందికి లాగింది. లోపల ఏముందో చూడకుండానే తెలిసింది. తెలియనిదల్లా, అది నిండుగా ఎందుకుందన్నదే.

"చివరి రెండు నెలలూ దీన్నే ముందేసుకుని కూర్చునేది. బోర్లా వేసేది. వెల్లకిలా వేసేది. పక్కకి తిప్పేది. మళ్ళీ ఎత్తుకునేది. ఏంటక్కా ఇది అంటే, 'కుదరట్లేదే' అనేది. ఏం కుదరట్లేదో చెప్పేది కాదు" అన్నారు ఆవిడ.

నాన్న చెక్క అచ్చు పట్టుకున్న చేయి అలాగే ఆపి నావైపు చూశాడు. నేను సంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

అందులో ఉన్నది పాత చీర గుడ్డతో కుట్టిన పసిపిల్ల బొమ్మ. కళ్ళు లేవు, నోరు లేదు. ముక్కు ఉన్నచోట మాత్రం చిన్న ముడి. వీపున నాడా విప్పితే లోపల బియ్యం పోయడానికి వీలుంటుంది.

బందరులో ఆవిడ దగ్గర నేను నాలుగేళ్ళు రిపోర్టులు టైపు చేశాను. ఆవిడ పోస్టుమార్టం డాక్టరు. అన్ని రకాల కేసులూ చూసేవారు గానీ, ఆయాల దగ్గరో, బేబీకేర్లలోనో వదిలి వెళ్ళిన పసిపిల్లలు చనిపోతే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా ఆవిణ్ణే అడిగేవారు. అది జబ్బా, ప్రమాదమా, ఎవరైనా చేసిన పనా? ఆవిడ రాసిన ఒక్క పేరా మీద ఒక మనిషి ఇంటికి వెళ్ళడమో, జైలుకి వెళ్ళడమో ఉండేది.

ఉద్యోగానికి నన్ను పిలిచిన రోజు మూడు ప్రశ్నలు వేశారు. మూడింటికీ తలూపాను. పక్కనున్న గుమాస్తా, "ఈ పిల్ల నోరు విప్పదేమో మేడమ్" అన్నాడు. "నాకు చెవులు కావాలండీ, నోళ్ళు చాలా ఉన్నాయి ఇక్కడ" అని నన్ను తీసుకున్నారు. అప్పట్నుంచి నన్ను 'అమ్మడూ' అనేవారు.

పొట్టిగా ఉండేవారు. ఏ కాలమైనా చంకలో మగవాళ్ళ నల్లగొడుగు. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాక నారింజపండు ఒలిచి, తొనలు నాకిచ్చి, తొక్క మాత్రం వేళ్ళకి రుద్దుకునేవారు. ఎంత రుద్దినా ఇంకోసారి వాసన చూసుకునేవారు.

చనిపోయిన పసిపిల్లల్ని ఆవిడ ఎప్పుడూ 'బాడీ' అనలేదు. పేరుతోనూ పిలవలేదు. 'చిన్నవారు' అనేవారు. "చిన్నవారు ఆఖరిసారి పాలు ఎప్పుడు తాగారు?" "చిన్నవారి చొక్కా ఎవరు మార్చారు?" ఒకసారి ఒక కానిస్టేబులు నవ్వు ఆపుకోలేకపోయాడు. డాక్టరుగారు కోప్పడలేదు. "ఆయనకి పెద్దయి నలుగురిచేతా 'గారు' అనిపించుకునే యోగం లేదు కదా బాబూ. ఈ రెండు రోజులూ మనం అందాం" అన్నారు. ఆ తర్వాత ఆ కానిస్టేబులు కూడా చిన్నవారు అనే అన్నాడు.

బస్సులో ఆవిడతో వెళ్ళడం మాత్రం నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. ఎవరి ఒళ్ళోనైనా పసిపిల్ల కనిపిస్తే చాలు, సీట్లోంచి వంగి మరీ చూసేవారు. "అమ్మా, ముక్కు కనపడేలా పట్టుకో. పైట కాస్త తియ్యి." ఒకసారి మొవ్వ దగ్గర ఎక్కిన ఒకామె గయ్యిమంది. "ఇందాకట్నించీ చూస్తన్నా, ఏందమ్మా నీ చూపు? మా పిల్లోడికి దిష్టి పెట్టమాక!" బస్సంతా మావైపు తిరిగింది. డాక్టరుగారు, "సరే తల్లీ, నన్ను తిట్టుకో. పైట మాత్రం తియ్యి" అన్నారు. ఆమె తిడుతూనే తీసింది. డాక్టరుగారు వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

ఎవర్ని ప్రశ్నించాల్సి వచ్చినా ఆవిడ మొదటి మాట ఒకటే. "ఆ రోజు కూరేంటమ్మా?"

పోలీసులకి ఇది వినోదం. "మేడమ్ వంటల ప్రోగ్రాం మొదలెట్టారు" అనుకునేవారు. ఆవిడ నాకు చెప్పారు: "భయపడ్డ మనిషిని 'ఏం జరిగింది' అని అడిగితే, పదిమందికి చెప్పి చెప్పి అరిగిపోయిన మాట చెప్తుంది. కూర ఎవరూ అడగరు. అది గుర్తు తెచ్చుకోవాలంటే ఆ రోజులోకి వెళ్ళాలి. ఒకసారి వెళ్ళిందంటే మిగతావన్నీ అక్కడే ఉంటాయి."

బొమ్మ అవసరం కూడా అలాంటిదే. చనిపోయిన బిడ్డ బరువెంతో అంత బరువు వచ్చేదాకా బియ్యం పోసి, పడుకోబెట్టిన మనిషి చేతికే ఇచ్చి, ఎలా పడుకోబెట్టారో చూపించమనేవారు. తూకం వేయించుకురావడం నా పని. మా ఆఫీసు వీధి మలుపులో కిరాణా కొట్టుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు కొట్టాయన, "ఆరు కేజీల నాలుగొందలా? అదేం లెక్కండీ? ఆరున్నర తీసుకోండి, అన్నం మిగిల్తే పులిహోర చేసుకోవచ్చు" అన్నాడు. నేను సంచిలోంచి బొమ్మ తీసి కాటా మీద పెట్టాను. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. తర్వాత ఎప్పుడు వెళ్ళినా కాటా అంకెలు నావైపు తిప్పి, తను వీధిలోకి చూస్తూ నిలబడేవాడు.

పని అయిపోయాక ఆ బియ్యాన్ని మేడ మీద పిట్టలకి చల్లాలి. "ఇది ఎసట్లోకి వెళ్ళకూడదు అమ్మడూ. నిండుగా దాచనూ కూడదు." బొమ్మ ఎప్పుడూ ఖాళీగానే బీరువాలోకి వెళ్ళేది. ఆ నియమం ఆవిడ పెట్టిందే.

ఆ ఆరు కిలోల నాలుగు వందలూ గుడివాడ చిన్నవారివి.

మెడికల్ షాపు మీద మేడలో ఒక బేబీకేర్ ఉండేది. తొమ్మిదిమంది పిల్లలకి ఒక్క ఆయా. అయిదు నెలల బాబు మధ్యాహ్నం నిద్రలో పోయాడు. ముక్కు చుట్టూ, పెదాల చుట్టూ తెల్లటి ఒత్తుడు గుర్తులున్నాయి. ఆయా వెల్లకిలా పడుకోబెట్టానంది. కానీ ప్రాణం పోయాక రక్తం శరీరంలో కింది వైపుకి దిగి మరకలు కడుతుంది. ఆ మరకలు బాబు వీపున లేవు, రొమ్మున ఉన్నాయి. అంటే ఆయా అబద్ధం చెప్తోంది. పైగా తల్లి వచ్చేసరికి బాబు ముఖం కడిగి, పౌడరేసి, బుగ్గన చుక్క పెట్టి ఉంచింది.

"సాక్ష్యం కడిగేసింది మేడమ్. నొక్కేసి కడిగేసింది. మీరు రాస్తే చాలు" అన్నాడు ఎస్సై.

డాక్టరుగారు ఆ మాట విననట్టే వెళ్ళి ఆయా ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"ఆ రోజు కూరేంటమ్మా?"

ఆమె నావైపు చూసింది, ఇది నిజంగా అడుగుతున్నారా అన్నట్టు. నేను తలూపాను.

"దొండకాయ వేపుడండీ."

"లేతవా?"

"ఎక్కడండీ. కోస్తే లోపల ఎర్రగా పండిపోయినయ్. మా పాప తినలా. పచ్చడేసి పెట్టి, పరిగెత్తుకొచ్చా. అప్పటికే ఇద్దరమ్మలు మెట్ల మీద నిలబడున్నారండీ..."

అలా ఒక్కో గంటా దాటుతూ మధ్యాహ్నం దాకా వచ్చింది. పాలు పట్టడం దగ్గరికి రాగానే డాక్టరుగారు మాట్లాడకుండా బొమ్మని ఆమె చేతుల్లో పెట్టారు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. బరువు తగలగానే ఆమె అరచేయి తనంతట తనే బొమ్మ తల కిందికి వెళ్ళింది. నడుము కొంచెం ఊగింది. బొమ్మని భుజాన వేసుకుని వీపు నిమిరింది. మోకాళ్ళ మీద కూర్చుని పరుపు మీద బోర్లా వేసింది. ముఖం గోడవైపు తిప్పి, మూడుసార్లు జోకొట్టింది. నాలుగోసారి ఎత్తిన చేయి గాల్లోనే ఆగిపోయింది.



"బోర్లా వెయ్యొద్దని వాళ్ళమ్మగారు చెప్పారండీ" అంది చివరికి. "వెల్లకిలా వేస్తే ఉలిక్కిపడి లేస్తాడండీ. ఒకడు లేస్తే తొమ్మిదిమందీ లేస్తారు. నేనొక్కదాన్నండీ."

డాక్టరుగారు పరుపు మీద వేలు పెట్టి నొక్కారు. కొత్త బూరుగుదూది పరుపు. వేలు సగందాకా దిగిపోయింది. గోడవైపు తిప్పిన బొమ్మ ముఖం కిందికి దొర్లి, ముక్కు ముడి ఎప్పుడో అందులో కూరుకుపోయింది.

"మరి ముఖం ఎందుకు కడిగావమ్మా?"

"అయిదింటికి అందరికీ కడిగి పౌడరేసి చుక్క పెడతామండీ, అమ్మలొచ్చే టైము గదా. వాణ్ణి చూశాక నాకేం చెయ్యాలో తెలీలా. అయిదైంది. అందర్నీ కడిగాను. వాడొక్కణ్ణీ ఎట్టా వదిలేస్తానండీ?"

ఎస్సై రాయడం ఆపేశాడు.

తిరుగు ప్రయాణంలో పామర్రులో బస్సు మారాం. జనం కిక్కిరిసి ఉన్నారు. సంచి పాడవుతుందని రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకున్నాను. ఒక పెద్దామె లేచి, "పిల్లతో నిలబడ్డావేంటే అమ్మాయ్, కూర్చో. నిద్రపోతున్నాడా?" అంది. పిల్ల కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తలూపి కూర్చున్నాను. దిగేదాకా ఆమె మా పక్కన నిలబడి, బస్సు కుదిపినప్పుడల్లా సంచికి చేయి అడ్డం పెట్టింది.

ఆమె దిగిపోయాక డాక్టరుగారు కిటికీలోంచి చూస్తూ చెప్పారు. నాతోనో, బయట చేలతోనో తెలియదు.

"ఉద్యోగంలో కొత్త. ఇక్కడ కాదు, ఇంకో ఊళ్ళో. దివిసీమ నుంచి ఒక చిన్నవారొచ్చారు. నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళ పిల్లల్ని ఒకామె చూసేది. ఆమె దగ్గర పోయారు. ముఖాన ఇవే గుర్తులు. నేను పుస్తకంలో ఉన్నట్టు రాశాను, నొక్కడం వల్ల అని. ఆమె ఊరికి వెళ్ళలేదు. మంచం చూడలేదు. ఆమెని ఒక్క మాట అడగలేదు. కోర్టులో కూడా నేను చెప్పేది చెప్పి వచ్చేశాను. నాలుగేళ్ళు జైల్లో ఉంది అమ్మడూ. తర్వాత పై కోర్టు ఆధారాలు చాలవని వదిలేసింది. తప్పు రాశానా, ఒప్పు రాశానా, నాకిప్పటికీ తెలియదు. ఆ తర్వాతే ఈ బొమ్మ కుట్టుకున్నాను."

కాసేపటికి మళ్ళీ అన్నారు. "అయిదు కిలోల నూట యాభై గ్రాములు. మా చెల్లి పుట్టినరోజు మర్చిపోతుంటాను. ఇది మర్చిపోను."

గుడివాడ రిపోర్టు నేనే టైపు చేశాను. నొక్కి చంపినట్టు ఆధారం లేదు, మెత్తటి పరుపు మీద బోర్లా పడుకోవడం వల్ల ఊపిరాడక పోయి ఉండవచ్చు. ఆ బేబీకేర్ మూతపడింది. ఆయా మీద హత్య కేసు పడలేదు. బాబు తల్లి మా వరండాలో డాక్టరుగారి భుజం పట్టుకుని ఊపేసింది. "దాని చేతులు చూసి వదిలేశారంటగా! నా బిడ్డని చూశారా మీరు?" డాక్టరుగారు, "చూశానమ్మా" అన్నారు.  ఆమె వదిలేదాకా కదలకుండా నిలబడ్డారు.

ఆ ఏడు నాట్లు మొదలయ్యాక ఒకరోజు, "నాతో ఒక ఊరు రా" అన్నారు. పులిగడ్డ దాటి, అవనిగడ్డలో ఇంకో బస్సెక్కి దిగాం. రైసుమిల్లు మలుపు దాకా నడిచి అక్కడ ఆగిపోయారు. నాలుగిళ్ళ అవతల నీలం రేకు తలుపున్న ఇల్లు. వాకిట్లో ఒక ముసలామె కోళ్ళని అదిలిస్తోంది. గొడుగు కింద డాక్టరుగారు అరగంట నిలబడ్డారు. అది ఆ జైలుకెళ్ళొచ్చినామె ఇల్లేనని, ప్రతి ఏడూ ఇలా వస్తారని అప్పుడు తెలిసింది. "పదమ్మడూ, బస్సు టైమైంది" అని వెనక్కి తిరిగారు. ఎందుకు వెళ్ళలేదు అని అడగాలనిపించింది. అడగలేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను: 'నేను పిరికిదాన్ని, సరే. ఆవిడ కూడానా?'

చెల్లెలు సంచి ఇచ్చి వెళ్ళిన మర్నాడు ఆఫీసుకి వెళ్తూ కిరాణా కొట్టు దగ్గర ఆగాను. కొట్టాయన అలవాటుగా కాటా నావైపు తిప్పాడు. "ఈసారి ఎవరండీ?"

అయిదు కిలోల నూట యాభై.

"పాతవాళ్ళేనండీ" అన్నాను.

చివరి రెండు నెలలూ ఆవిడ చేసింది అదన్నమాట. తను చూడని గదిలో, తను అడగని మనిషి చేతులు ఎలా కదిలాయో తన చేతులతో వెతుక్కున్నారు. కుదరలేదు. బియ్యం తీసేసి పిట్టలకి చల్లమనే నాకు పంపారేమోనని ఆఫీసు మేడ మెట్లు సగం ఎక్కాను. మళ్ళీ దిగి, సెలవు చీటీ రాసిచ్చి, దివిసీమ బస్సెక్కాను.

మిల్లు మలుపు దగ్గర నా కాళ్ళు కూడా ఆగిపోయాయి. సంచి బరువుకి భుజం లాగుతుంటే, ఆ నొప్పే నన్ను ముందుకి తోసింది. ముసలామె గుమ్మంలో నూకలు చల్లుతోంది.

"ఎవరమ్మాయివే?"

"బందరు నుంచి మామ్మా. డాక్టరుగారు... పోయారు."

"ఏ డాక్టరు?"

నేను మిల్లు వైపు చూపించాను. "ఏటా వచ్చి అక్కడ..."

"ఆ గొడుగామె? పోయిందా! అయ్యో." చేటలో చేయి ఆగింది. "ఎవరో పిల్లోణ్ణి పోగొట్టుకున్న మనిషనుకున్నా. ఓ మాట పిలిచి మజ్జిగన్నా ఇద్దామనుకునేదాన్ని. మనింటికెవరొస్తారులే అని ఊరుకున్నా."

ఆవిడే ఆ రిపోర్టు రాసిన డాక్టరని చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. ముసలామె చాలాసేపు కోళ్ళనే చూసింది. వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను.

"కోర్టులో నేను తలెత్తి చూడలా. అందుకని పోల్చుకోలా" అంది. తర్వాత, "ఆ సంచేంటి, అంత కష్టంగా మోస్తన్నావు? ఇటు తే" అని నా భుజం మీంచి అందుకుంది.

అందుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. సంచి విప్పలేదు. లోపలికి చూడలేదు. ఒకసారి కొంచెం పైకెత్తి, మళ్ళీ దించింది. 

"ఇంతే ఉండేవాడు" అంది.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆ రోజు కూరేంటి మామ్మా?"

ఆమె నన్ను చూసింది. ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడో బయట నిలబడి ఉన్నట్టు, ఇప్పుడే తలుపు తీసినట్టు చూసింది. సంచితో లోపలికి నడిచి, గుమ్మానికి ఎదురుగా ఉన్న మంచం మీద కూర్చుంది.

"బచ్చలికూర పప్పు. పులుపు ఎక్కువైంది. పెద్దపిల్లలు నలుగురూ తిన్నారు. వీడికి వాళ్ళమ్మ పొద్దున పిండిచ్చిన పాలు గ్లాసులో ఉంటే, ఉగ్గుగిన్నెతో పట్టా. నాట్ల రోజులు గదా, కోడి కూయకముందు లేచా. ఈ మంచమే. వాణ్ణి పక్కనేసుకుని నడుం వాల్చా. ఒకటే ఈగలు. వాడి ముఖాన ముసురుతుంటే నా పైట ఇద్దరి మీదా కప్పా. తడి పైట. అంట్లు తోమి చేతులు తుడుచుకున్నదే." ఊపిరి తీసుకుంది. "నిద్రపట్టేసింది. చంపావా అని అడిగారు. చంపలేదన్నా. నిద్రపోయావా అని ఎవరూ అడగలా. అడిగితే చెప్పేదాన్నే."

సంచిలోంచి బొమ్మని తీసింది. కళ్ళు లేని, నోరు లేని ఆ ముఖం చూసి బెదరలేదు. ఎడంపక్కన మంచం మీద వేసి, దాని పక్కన తనూ ఒరిగి, మోచేయి మడిచి చూపించింది. "నేనిటు. వాడిటు. ముఖం నావైపు."

నేను డైరీ తీసి డాక్టరుగారు చెప్పే వరసలోనే రాసుకున్నాను. కూర. పాలు. మంచం. పైట, తడిది. ముఖం ఎటు. ఇది ఏ ఆఫీసుకీ వెళ్ళదు. అయినా చిన్నవారు అనే రాశాను.

"ఈ బియ్యం కోళ్ళకి వేసెయ్యాలి మామ్మా. అలా నియమం" అన్నాను.

"వేద్దాంలే. కాసేపు ఉండనీ."

అవనిగడ్డ బస్సు మిల్లు మలుపులో హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ముసలామె లేచి కూర్చుని పైట తన భుజాన గట్టిగా దోపుకుంది. తర్వాత వంగి, బొమ్మ తలని రెండు చేతులా పట్టుకుని, గుమ్మంలోంచి గాలి వచ్చేవైపు తిప్పింది.